గుండె నిండా రక్తమే ఉంటే గుండెకు రక్తం అందకపోవడమేమిటి?

అమ్మా, మీ ప్రశ్న మొత్తం చదివాను. మీ నాన్నగారికి 58 ఏళ్ళు, ఆత్మకూరు దగ్గర పల్లెలో వరి సాగు. గట్టు మీద యూరియా బస్తా మోస్తుంటే ఛాతీ బిగబట్టినట్టయి, బస్తా దించి నిలబడితే తగ్గిందని, అలా నాలుగైదు సార్లు అయ్యాక నెల్లూరు తీసుకొచ్చి యాంజియోగ్రామ్ (గుండె నాళాల్లోకి డై అనే రంగుమందు ఎక్కించి తీసే ఎక్స్‌రే) చేయించారని రాశారు. రిపోర్టులో ఉన్నది ఇది: ఎల్ఏడీ అనే గుండె రక్తనాళం మధ్యభాగంలో 80 శాతం అడ్డు, ఆర్సీఏ అనే ఇంకో నాళంలో 40 శాతం, లెఫ్ట్ మెయిన్ నార్మల్, రైట్ డామినెంట్, పంపింగ్ 60 శాతం. ఎల్ఏడీకి ఒక్క స్టెంట్ (నాళాన్ని తెరిచి ఉంచే లోహపు తొడుగు) వేద్దామన్నారు. గుండె నిండా ఎప్పుడూ రక్తమే ఉంటే దానికి రక్తం అందకపోవడమేమిటి, రైట్ డామినెంట్ అన్నది ఇంకో జబ్బా, 40 శాతం ఉన్నదాన్ని ఎందుకు వదిలేస్తున్నారు అని మీరు అడిగారు.

నేను గుండె డాక్టర్‌ను కాను. నెల్లూరులో మెడికల్ విద్యార్థులకు అనాటమీ చెప్పి రిటైరయ్యాను. స్టెంట్ వేయాలా వద్దా అన్న నిర్ణయం మీ డాక్టర్‌గారిదే, అందులో నేను వేలు పెట్టను. కానీ మీరు అడిగిన మూడింటికీ జవాబు గుండె నిర్మాణంలోనే ఉంది. అది తెలిస్తే రిపోర్టు చూసి పడే టెన్షన్ సగం పోతుంది. ఏ విషయంలో నిజంగా జాగ్రత్తపడాలో కూడా తెలుస్తుంది.

ముందు ఒక చిన్న సంగతి. పంపింగ్ 60 శాతం అంటే 40 శాతం పోయిందని చాలామంది బెంగపెట్టుకుంటారు. అది పరీక్ష మార్కు కాదు. ఎడమ జఠరిక, అంటే ఒళ్ళంతటికీ రక్తం నెట్టే గుండె గది, నిండినప్పుడు అందులో సుమారు 120 మిల్లీలీటర్ల రక్తం ఉంటుంది. ఒక్కసారి కొట్టుకుంటే 70 దాకా బయటికి నెడుతుంది, మిగతాది లోపలే ఉండిపోతుంది. ఆరోగ్యంగా ఉన్న ఏ గుండె అయినా అంతే చేస్తుంది. కాబట్టి మీ నాన్నగారి గుండె కండ ఇప్పటిదాకా చెడలేదు. ఈ రిపోర్టు మొత్తంలో అన్నిటికన్నా మంచి మాట అదే.

గుండె నిర్మాణం మీరు స్కూల్లో చదువుకున్నదే. పైన రెండు కర్ణికలు, కింద రెండు జఠరికలు, మధ్యలోనూ బయటికి వెళ్ళే దారుల్లోనూ కలిపి నాలుగు కవాటాలు. ఒంట్లోంచి వచ్చిన నల్లరక్తాన్ని కుడివైపు గదులు ఊపిరితిత్తులకు పంపిస్తాయి. అక్కడి నుంచి వచ్చిన మంచి రక్తాన్ని ఎడమవైపు గదులు ఒళ్ళంతటికీ పంపిస్తాయి. మనిషి పిడికిలంత, 300 గ్రాముల బరువుండే కండ నిమిషానికి ఐదు లీటర్లు తోడుతుంది, రోజుకు దాదాపు లక్షసార్లు ముడుచుకుంటుంది. రెండు జఠరికల పని ఒకటే కాదు. ఊపిరితిత్తులు పక్కనే ఉన్నాయి కాబట్టి కుడి జఠరికకు బీపీ కొలిచే లెక్కలో 25 పీడనం చాలు, దాని గోడ నాలుగైదు మిల్లీమీటర్లే ఉంటుంది. ఎడమ జఠరిక 120 పీడనంతో తల నుంచి కాలి గోరు దాకా నెట్టాలి. అందుకే దాని గోడ సెంటీమీటరు మందం ఉంటుంది. ఈ సెంటీమీటరు మందం దగ్గరే మీ మొదటి ప్రశ్నకు జవాబు ఉంది.

జఠరిక లోపల రక్తం నిలబడి ఉన్నప్పుడు దాని నుంచి ఆక్సిజన్ గోడలోకి నేరుగా ఎంత లోతుకు దిగగలదు? మిల్లీమీటరులో పదో వంతు. లోపలి పొరకు ఆనుకుని ఉన్న కొద్దిపాటి కణాలకు తప్ప మిగతా కండకు అది అందదు. పైగా కుడివైపు గదుల్లో ఉండేది ఎలాగూ ఆక్సిజన్ తగ్గిపోయిన రక్తమే. కప్ప గుండె చూడండి, దాని జఠరిక గోడ స్పాంజిలా సందులతో ఉంటుంది. రక్తం ఆ సందుల్లోకి దూరి కండను నేరుగా తడుపుతుంది కాబట్టి దానికి విడిగా రక్తనాళాలు అక్కర్లేదు. తల్లి కడుపులో మొదటి వారాల్లో మన గుండె గోడా అలాగే సందులతోనే ఉంటుంది. గోడ గట్టిపడి, మందం పెరిగేకొద్దీ దానికి సొంతంగా రక్తనాళాలు పుడతాయి. గట్టిగా నెట్టాలంటే మందమైన గోడ కావాలి, ఆ గోడ బతకాలంటే విడిగా రక్తం సరఫరా కావాలి. ఆ సరఫరా చేసేవే కరోనరీ ఆర్టరీలు. మీ రిపోర్టులో ఉన్న పొడి అక్షరాలన్నీ వాటి పేర్లే.

అవి ఎక్కడ మొదలవుతాయో చూస్తే మీకు ఇంకా బాగా అర్థమవుతుంది. చూడటానికి మెడికల్ కాలేజీకి రానక్కర్లేదు. మాంసం తినే ఇల్లయితే ఆదివారం కొట్టులో పొట్టేలు గుండెకాయ ఒకటి కోయకుండా ఇవ్వమనండి, పైనున్న గొట్టాలు కూడా అంగుళమో రెండంగుళాలో ఉంచమని చెప్పండి. మామూలుగా వాటిని కోసి పారేస్తారు, అందుకే ముందే అడగాలి. పైకి లేచే గొట్టాల్లో అన్నిటికన్నా మందంగా, తెల్లగా, వేలితో నొక్కినా మూసుకుపోకుండా నిలబడేది బృహద్ధమని, ఎడమ జఠరిక నుంచి ఒళ్ళంతటికీ రక్తం తీసుకెళ్ళే పెద్ద గొట్టం. గుండెకాయను నిలబెట్టి పట్టుకుని ఆ గొట్టంలోకి నెమ్మదిగా నీళ్ళు పోయండి. నీళ్ళు కిందికి పోకుండా నిలుస్తాయి. అడుగున మూడు జేబులున్న కవాటం ఆ నీటి బరువుకే మూసుకుంటుంది కాబట్టి అలా నిలుస్తాయి. ఇప్పుడు నీళ్ళు ఒంపేసి, గొట్టాన్ని నిలువునా చీల్చి పరవండి. మూడు జేబుల్లో రెండింటికి పైన గొట్టం గోడలో చెరొక చిన్న కన్నం కనిపిస్తుంది. ఎడమ కన్నంలోకి ఒక చీపురుపుల్ల మెల్లగా దూర్చండి. అది గుండె పైభాగాన కొవ్వు కింద నుంచి పోతుంటే వేలికి తగులుతుంది.

ఆ రెండు కన్నాలే గుండెకు రక్తమందే దారులు. అంటే ఎడమ జఠరిక బయటికి నెట్టిన మంచి రక్తం ఒంట్లో ఏ అవయవానికీ చేరకముందే, గడప దాటిన వెంటనే, కొంత వెనక్కి తిరిగి గుండెకే వస్తుంది. ఐదు లీటర్లలో పావు లీటరు, అంటే ఇరవయ్యో వంతు, అలా వస్తుంది. బరువు లెక్కన గుండె ఒంట్లో రెండువందలో వంతు. తన బరువుకు రావలసినదానికి పది రెట్లు తీసుకుంటుంది, అంత పని చేస్తుంది మరి.

ఎడమ కన్నంలోంచి బయల్దేరేదే లెఫ్ట్ మెయిన్. పొడవు సెంటీమీటరు అటూఇటూ ఉంటుంది, వెంటనే రెండుగా చీలుతుంది. అది నార్మల్‌గా ఉందని రాశారు కదా, ఆ మాటను తేలిగ్గా తీసుకోకండి. ఎడమ జఠరికకు వెళ్ళే రక్తంలో ఎక్కువ భాగం ఆ చిన్న ముక్క గుండానే పోవాలి. అందులో సగం అడ్డుపడినా చాలు, డాక్టర్లు గంభీరంగా తీసుకుంటారు. చీలిన రెండింటిలో సర్కంఫ్లెక్స్ అనేది ఎడమ కర్ణికకూ జఠరికకూ మధ్య ఉన్న గాడిలో వెనక్కి తిరిగి పక్కగోడకు రక్తం ఇస్తుంది. మీ నాన్నగారికి అందులో ఏమీ లేదు కాబట్టి దాన్ని అక్కడితో వదిలేద్దాం.

రెండోది ఎల్ఏడీ. రెండు జఠరికల మధ్య గాడి గుండె ముందువైపు నుంచి కింది కొస దాకా దిగుతుంది, ఈ నాళం ఆ గాడిలోనే సాగుతుంది. మొదట్లో మూడు నాలుగు మిల్లీమీటర్ల వ్యాసం ఉంటుంది, పోనుపోను సన్నబడుతుంది. దారిలో పక్కకు కొమ్మలు వేస్తుంది, వాటిని డయాగ్నల్స్ అంటారు. లోపలికి, రెండు జఠరికల మధ్య గోడలోకి, నిట్టనిలువునా మరికొన్ని కొమ్మలు దించుతుంది, వాటిని సెప్టల్స్ అంటారు. ముందుగోడ, కింది కొస, మధ్యగోడలో మూడింట రెండు వంతులు దీనివే. లెక్క చూస్తే ఎడమ జఠరిక కండలో దాదాపు సగం ఈ ఒక్కదాని మీద బతుకుతుంది. అందుకే ఎక్కడ అడ్డుపడిందన్నది చాలా ముఖ్యం. మొదట్లోనే మూసుకుపోతే దాని కింద ఉన్న కొమ్మలన్నీ పోతాయి. మధ్యభాగంలో అంటే పైనున్న కొన్ని కొమ్మలకు రక్తం అందుతూనే ఉంటుంది. బెలూన్‌తో కరోనరీని మొదటిసారి తెరిచింది 1977లో జ్యూరిక్‌లో. అది చేసినవారు ఆండ్రియాస్ గ్రూంట్‌సిగ్ అనే డాక్టర్, ఆయన తెరిచింది కూడా ఎల్ఏడీనే. నాలుగైదు దశాబ్దాలుగా చేతులు తిరిగిన పని అది, మీరు భయపడనక్కర్లేదు.

గుండెకున్న ఒక ప్రత్యేకత ఇప్పుడు చెప్పాలి, చదువుకున్నవాళ్ళలో కూడా చాలామందికి ఇది తెలియదు. ఒంట్లో మిగతా భాగాలకు గుండె ముడుచుకున్నప్పుడు రక్తం జోరుగా వెళుతుంది. ఎడమ జఠరిక మాత్రం అప్పుడు తనకు తాను పెద్దగా రక్తం అందించుకోలేదు. కండ బిగుసుకున్నప్పుడు దాని లోపల ఉన్న సన్న నాళాలన్నీ నలిగిపోతాయి. కండ వదులైనప్పుడే అవి తెరుచుకుంటాయి, అప్పుడే రక్తం లోపలికి దిగుతుంది. ఎడమ జఠరికకు అందేదానిలో సుమారు 80 శాతం ఈ విశ్రాంతి సమయంలోనే అందుతుంది. కుడి జఠరికలో పీడనం తక్కువ కాబట్టి దానికి ఈ ఇబ్బంది అంతగా లేదు.

ఇప్పుడు లెక్క వేయండి. నాడి 75 ఉన్నప్పుడు ఒక్కో కొట్టుడుకు 0.8 సెకను పడుతుంది. అందులో ముడుచుకోవడానికి 0.3, విశ్రాంతికి 0.5. నాడి 150కి పెరిగితే మొత్తం 0.4 సెకనే దొరుకుతుంది. ముడుచుకునే సమయం కొద్దిగానే తగ్గుతుంది, కోతంతా విశ్రాంతి మీదే పడుతుంది. అది సగం కన్నా తక్కువకు దిగిపోతుంది. బస్తా భుజాన వేసుకుని గట్టెక్కితే గుండెకు పని రెట్టింపవుతుంది, సరిగ్గా అప్పుడే దానికి రక్తం అందే సమయం తగ్గిపోతుంది. బస్తా దించి నిలబడితే నొప్పి తగ్గడానికి కారణం ఇదే. మీ నాన్నగారి చీటీలో మెటోప్రొలాల్ లాంటి మాత్ర ఉంటే అది నాడిని నిదానం చేసి ఆ విశ్రాంతి సమయాన్ని పెంచడానికే ఇచ్చారు. నాడి 60కి దిగిందని కంగారుపడి సొంతంగా ఆపేయవద్దు. ఒక్కసారిగా ఆపడం ప్రమాదం కూడా.

కరోనరీ పెద్ద కొమ్మలన్నీ గుండె పైపొర మీదే సాగుతాయి. వాటి నుంచి పిల్లకొమ్మలు గోడలోకి దిగి, చివరికి లోపలి పొరకు చేరతాయి. సోమశిల డ్యామ్ నీళ్ళు వదిలినప్పుడు కాలువ మొదట్లో ఉన్న చేలు ముందు తడుస్తాయి, నీళ్ళు చాలకపోతే ముందుగా ఎండేది చివరి ఆయకట్టు, మీ ఇంట్లో ఎవరికీ ఇది చెప్పనక్కర్లేదు. గుండె గోడలో చివరి ఆయకట్టు లోపలి పొర. ముడుచుకున్నప్పుడు ఎక్కువ ఒత్తిడి పడేదీ దాని మీదే. అందుకే రక్తం తగ్గినప్పుడు కష్టం మొదలయ్యేది అక్కడే, పూర్తిగా ఆగిపోతే కండ చావడం మొదలయ్యేదీ అక్కడే. ఆ చావు లోపలి నుంచి బయటికి పాకుతుంది.

ఇంకో సంగతి కూడా ఉంది. కాళ్ళూ చేతులూ మామూలుగా ఉన్నప్పుడు రక్తంలోంచి పాతిక శాతం ఆక్సిజనే వాడుకుంటాయి. పని ఎక్కువైతే అదే రక్తంలోంచి ఇంకొంచెం పీల్చుకుంటాయి. గుండె మనం కదలకుండా కూర్చున్నప్పుడే 70 శాతం దాకా పీల్చేస్తుంది. మిగిల్చేది కొంచెమే. కాబట్టి పని పెరిగినప్పుడు దానికి ఒకటే దారి, ఇంకా ఎక్కువ రక్తం రావాలి. ఆరోగ్యంగా ఉన్న కరోనరీలో రక్తం నాలుగైదు రెట్లు పెరగగలదు, పెరగడానికి దారి ఉంటే.

ఆ దారి ఎంత మూసుకుపోయిందన్నదే రిపోర్టులో శాతం. అది నాళం వ్యాసంలో తగ్గినది. లోపలి సందు విస్తీర్ణంలో చూస్తే లెక్క మారిపోతుంది. వ్యాసం 80 శాతం తగ్గితే సందు వైశాల్యంలో మిగిలేది 4 శాతమే. 40 శాతం తగ్గితే 36 శాతం మిగులుతుంది. 80కీ 40కీ తేడా రెట్టింపే కదా అనిపిస్తుంది, కానీ మిగిలిన దారిలో తేడా తొమ్మిది రెట్లు. కూర్చున్నప్పుడు కావలసిన రక్తం 80 శాతం అడ్డున్న నాళంలోంచి కూడా ఎలాగోలా పోతుంది. దాని కింద ఉన్న సన్న నాళాలు తమను తాము పూర్తిగా వదులుచేసుకుని ఆ రక్తాన్ని లాక్కుంటాయి. వదులయ్యే శక్తి అప్పటికే ఖర్చయిపోతుంది కాబట్టి పనిలోకి దిగినప్పుడు ఇంక పెంచుకోవడానికి ఏమీ మిగలదు. 40 శాతం ఉన్నచోట పని చేసినా సరిపడా పోతుంది. అక్కడ స్టెంట్ వేస్తే కొత్తగా కలిసొచ్చేదేమీ లేదు, పైగా అనవసరంగా ఒక లోహపు తొడుగు లోపల ఉండిపోతుంది. మీ డాక్టర్‌గారు దాన్ని వదిలేస్తున్నారంటే నిర్లక్ష్యం చేస్తున్నారని కాదు.

అలాగని 40 శాతాన్ని మరిచిపోమని నేను చెప్పడం లేదు. నాకు ఎక్కువ పట్టింపు ఉన్న విషయం ఇదే. ఈ అడ్డు పైపులో ఇరుక్కున్న మురికి కాదు. అది నాళం గోడ లోపల, పలుచని లోపొర కింద, కొవ్వు చేరి ఏళ్ళ తరబడి వాచినది. శవాలను కోసి చూసే డిసెక్షన్ టేబుల్ మీద పెద్దవయసు వారి ఎల్ఏడీని అడ్డంగా కోస్తే కొన్నిచోట్ల కత్తికి కరకరమని సున్నం తగులుతుంది. కొన్నిచోట్ల సందు ఒక పక్కకు నెట్టేసినట్టుండి, గోడలో పసుపు ముద్ద మెత్తగా కనిపిస్తుంది. సున్నం పట్టి గట్టిపడినదానికన్నా ఈ మెత్తని ముద్ద ఎక్కువ ప్రమాదం. దాని మీద కప్పు పలుచగా ఉంటే ఎప్పుడో ఒకప్పుడు చిట్లవచ్చు. చిట్లినచోట రక్తం గడ్డకట్టి, అప్పటిదాకా సగం కూడా అడ్డులేని నాళం నిమిషాల్లో మూసుకుపోవచ్చు. నిన్నటిదాకా చలాకీగా తిరిగిన మనిషికి హఠాత్తుగా హార్ట్ ఎటాక్ రావడం వెనుక చాలాసార్లు జరిగేది ఇదే. ఆ కప్పును గట్టిపరచడానికి అటోర్వాస్టాటిన్ లాంటి మాత్ర, గడ్డ కట్టకుండా ఆస్పిరిన్. స్టెంట్ వేసినచోటుకే కాదు, వేయనిచోటుకూ కాపలా ఈ మాత్రలే. 'స్టెంట్ వేశారు కదా, ఇంక మందులెందుకు' అని మానేసేవాళ్ళను మన జిల్లాలో ఎందరినో చూశాను. మీ నాన్నగారిని ఆ పని చేయనివ్వకండి. చుట్టో బీడీయో కాల్చే అలవాటుంటే అది ఈ రోజుతో ఆగాలి.

అల్లం, వెల్లుల్లి, నిమ్మరసం, వెనిగర్ కలిపి కాచి తాగితే బ్లాకులు కరిగిపోతాయని వాట్సాప్‌లో తిరిగే కషాయం మీకూ ఎవరో పంపే ఉంటారు. గోడ లోపల, పొర కింద ఉన్నదాన్ని తాగిన రసం కడిగెయ్యలేదు. దాన్ని నమ్మి డాక్టర్ చెప్పిన వైద్యం వాయిదా వేస్తే ఆ రోజులన్నీ గండమే.

ఇక రైట్ డామినెంట్. ఇది జబ్బు కాదు, మీకూ నాకూ కూడా ఉండొచ్చు. కుడి కన్నంలోంచి బయల్దేరిన ఆర్సీఏ కుడి గాడిలో తిరిగి వెనక్కి వెళుతుంది. గుండె వెనుక కిందివైపున రెండు జఠరికల మధ్య ఇంకో గాడి ఉంది. ఆ గాడిలో దిగే కొమ్మ ఎక్కడి నుంచి వస్తే గుండె ఆ వైపు డామినెంట్ అంటారు, అంతే. దాదాపు 80 శాతం మందిలో అది ఆర్సీఏ నుంచి వస్తుంది. కొందరిలో సర్కంఫ్లెక్స్ నుంచి, ఇంకొందరిలో రెండింటి నుంచీ వస్తుంది. ఇందాక చెప్పిన పొట్టేలు గుండెకాయను వెనక్కి తిప్పి చూస్తే ఆ కొమ్మ ఎడమవైపు నుంచే వచ్చి ఉంటుంది, గొర్రెల్లో మామూలుగా అంతే. డాక్టర్లు రిపోర్టులో ఇది రాయడానికి కారణం ఒక్కటే. ఏ నాళం మీద ఎంత కండ ఆధారపడి ఉందో, స్టెంటో బైపాసో ఆలోచించేటప్పుడు తెలియాలి.

ఈ ఆర్సీఏకే యాంజియోగ్రామ్ చరిత్రలో ఒక కథ ఉంది. కరోనరీలోకి నేరుగా డై ఎక్కిస్తే మనిషి చనిపోతాడని ఒకప్పుడు డాక్టర్లు భయపడేవారు. 1958లో అమెరికాలోని క్లీవ్‌లాండ్ క్లినిక్‌లో మేసన్ సోన్స్ అనే డాక్టర్ ఒక రోగి బృహద్ధమనిని డైతో చూస్తుండగా గొట్టం కొస కుడి కరోనరీ నోట్లోకి జారి, డై అంతా అందులోకే వెళ్ళింది. గుండె కొన్ని సెకన్లు ఆగింది. రోగిని గట్టిగా దగ్గమన్నారు, మళ్ళీ కొట్టుకుంది. మనిషికి ఏమీ కాలేదు, నాళం మాత్రం ఫిలిం మీద స్పష్టంగా పడింది. మీ నాన్నగారికి మణికట్టు దగ్గర చిన్న పొడుపుతో చేసిన పరీక్షకు మొదలు అదే.

ఆర్సీఏ గురించి ఇంకొక్క విషయం, ఇది పల్లెల్లో ప్రాణాలు కాపాడేది. గుండె కింది గోడ పొట్టను వేరుచేసే పొర మీదే ఆని ఉంటుంది. అది ఎక్కువమందిలో ఆర్సీఏ వాటా. కాబట్టి ఆర్సీఏ మూసుకుపోతే నొప్పి ఛాతీలో కాకుండా పైపొట్టలో, వాంతితో, చెమటలతో రావచ్చు. 'గ్యాస్ పట్టింది' అని సోడా తాగి పడుకునేది ఇలాంటప్పుడే. గుండె కొట్టుకునే లయను నడిపించే ఎస్ఏ నోడ్‌కు దాదాపు 60 శాతం మందిలో రక్తమిచ్చేది కూడా ఆర్సీఏనే. కర్ణికల నుంచి జఠరికలకు కరెంటు దాటించే ఏవీ నోడ్‌కు అంతకన్నా ఎక్కువమందిలో ఇదే ఇస్తుంది. అందుకే ఇలాంటి ఎటాక్‌లో నాడి బాగా నిదానమై, బీపీ పడిపోయి, కళ్ళు తిరగవచ్చు. కుడి జఠరిక కూడా దెబ్బతింటే నాలుక కింద సార్బిట్రేట్ (నాళాలను వదులుచేసే గుండెనొప్పి మాత్ర) పెట్టడం వల్ల బీపీ ఇంకా దిగజారవచ్చు. పక్కింటి ఆయన దగ్గర ఉందని ఎవరికిబడితే వారికి ఆ మాత్ర పెట్టకండి. మీ నాన్నగారికి డాక్టర్ రాసి ఇస్తే, ఎప్పుడు పెట్టుకోవాలో, బీపీ ఎంతుంటే పెట్టుకోకూడదో స్పష్టంగా అడిగి రాయించుకోండి. పెట్టుకునేటప్పుడు కూర్చుని ఉండాలి.

స్టెంట్ తేదీ వచ్చేలోపు ఒకటి గమనించండి. ఇప్పటిదాకా నొప్పి బరువు మోసినప్పుడే వచ్చి, ఆగితే పోయింది. కూర్చున్నప్పుడో నిద్రలోనో వచ్చినా, కొద్దిదూరం నడకకే వస్తున్నా, పది పదిహేను నిమిషాలైనా తగ్గకపోయినా ఆ నాళంలో గడ్డ మొదలైందని అనుకోవాలి. మూసుకుపోయిన 20, 30 నిమిషాల్లో లోపలి పొర చావడం మొదలవుతుంది. ఆరు గంటలయ్యేసరికి గోడ మందమంతా చాలావరకు పోతుంది. అలాంటప్పుడు బైకు మీద వెనక కూర్చోబెట్టుకుని నెల్లూరు దాకా తీసుకురావద్దు. 108కి ఫోన్ చేసి, ఈసీజీ తీయగలిగే దగ్గరి ఆసుపత్రికి ముందు వెళ్ళండి. ఈసీజీలో కనిపిస్తే గడ్డ కరిగించే ఇంజెక్షన్ అక్కడే ఇచ్చి పంపించే వీలుంటుంది. ఉదయగిరి, వింజమూరు వైపు ఉన్నవాళ్ళకు ఈ మాట మరీ ముఖ్యం, దూరం ఎక్కువ. ఆస్పిరిన్ పడనివారు కాకపోతే ఒక 300 మిల్లీగ్రాముల మాత్ర నమలమనండి. ఇంట్లో ఎక్కడుందో అందరికీ తెలిసేలా పెట్టుకోండి.

స్టెంట్ వేసేటప్పుడు ఏం జరుగుతుందో కూడా చెప్తాను. ఆ కొవ్వు ముద్దను బయటికి తీయరు. బెలూన్‌తో దాన్ని గోడలోకి నొక్కి, మళ్ళీ వెనక్కి రాకుండా జల్లెడ తొడుగు పెడతారు. ఆ లోహం మీద నాళపు లోపొర పెరిగి కప్పేదాకా అక్కడ గడ్డ కట్టే ప్రమాదం ఉంటుంది కాబట్టి ఆస్పిరిన్‌తో పాటు క్లోపిడోగ్రెల్ లాంటి రెండో మాత్ర కొన్ని నెలలు ఇస్తారు. పన్ను పీకించుకోవాలనో, చిన్న ఆపరేషన్ అనో ఎవరైనా ఆపమంటే, స్టెంట్ వేసిన డాక్టర్‌ను అడగకుండా ఆపకూడదు.

మీ బంధువులొకరు 'బైపాస్ చేయించండి, అదే గట్టి' అన్నారని చివర్లో రాశారు. బైపాస్‌లో ఛాతీ ఎముక వెనకనున్న ధమనిని తెచ్చి ఎల్ఏడీకి కలుపుతారు. ఆ కలయిక పదేళ్ళ తర్వాత కూడా 90 శాతం మందిలో తెరిచే ఉంటుంది, అది నిజంగా గట్టిదే. కాలి నుంచి తీసిన సిరలు అంత కాలం నిలవవు, పదేళ్ళలో దాదాపు సగం మూసుకుపోతాయి. లెఫ్ట్ మెయిన్‌లోనో, మూడు నాళాల్లోనో జబ్బు ఉన్నప్పుడు, ముఖ్యంగా షుగర్ కూడా ఉంటే, బైపాస్ వైపు మొగ్గుతారు. లెఫ్ట్ మెయిన్ బాగుండి, ఒక్క నాళం మధ్యలో ఒకచోట మాత్రమే అడ్డు ఉన్నప్పుడు మామూలుగా ఛాతీ తెరిచేదాకా వెళ్ళరు. మీ నాన్నగారికి షుగర్ ఉందో లేదో మీరు రాయలేదు. ఉంటే తప్పకుండా డాక్టర్‌గారితో ఆ మాట ఎత్తండి.

డిశ్చార్జి అయ్యేటప్పుడు యాంజియోగ్రామ్ సీడీ అడిగి తీసుకోండి, కాగితం ఒక్కటే తెచ్చుకోకండి. కాగితం మీద ఉన్న 80, 40 అనేవి చాలామటుకు డాక్టర్ తెర మీద చూసి కంటితో వేసిన అంచనాలు. రేపు ఇంకో డాక్టర్ అభిప్రాయం కావాలన్నా, ఐదేళ్ళ తర్వాత ఆర్సీఏలోని ఆ 40 శాతం అలాగే ఉందా పెరిగిందా అని పోల్చాలన్నా బొమ్మలే కావాలి. సీడీలు గీతలు పడి పాడవుతాయి, ఫోన్ షాపులో ఇచ్చి పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించుకుని, మందుల చీటీలతో పాటు ఒకే ఫైల్లో పెట్టండి.